పద్దెనిమిది బొమ్మల బీడీ

ఎర్రగుంట్ల దాటినాక
ముద్దనూరు రోడ్డులో మా కాటా.
పలకల లారీ ఎక్కితే ముప్పై టన్నులు చూపిస్తుంది,
కాకి వాలితే సున్నా.
పది కిలోల కింద దానికి లోకం లేదు.

నాది రాత్రి డ్యూటీ.
రెండు లారీల మధ్య ఒక్కోసారి గంట, గంటన్నర.
ఆ సందులో
అడ్డం ముప్పై రెండు గడులు, నిలువు ముప్పై రెండు,
అంత మడి ఒకటి వేసుకుని
చుక్క చుక్కగా రంగు నాటుకుంటా.

కంప్యూటరుతో పాటు వచ్చిన
ఆ పసుప్పచ్చ సంచులు మనకెందుకప్పా?
మా ఫైళ్ళు పలకల మాదిరి ఉండాల,
గోడకు ఆనించి, ఏటవాలుగా.
నీడ ఒక్క చుక్క జరిగితే
పలక కాస్తా పెనమైపోతుంది.
నాలుగు రాత్రులు పెనాలే చేసినా.

చెత్తబుట్ట పీకేసినా.
దాని చోట, మిషన్ వెనక పారబోసే ముక్కల గుట్ట.
ఖాళీగా ఉంటే ఒట్టి నేల, ఒక తుమ్మ మొలక.
నిండితే గుట్ట, గుట్ట మీద మేక.
మేక ఎందుకని అడగొద్దు.
అది అక్కడ ఉంటుంది.

వాల్‌పేపరు మాత్రం సతాయించింది.
ఎన్ని పలకలను సెల్లులో పట్టినా
ఎండకు తెల్లబారి, దుమ్ము పూసుకుని,
పిండిగిర్నీ గోడ మాదిరి వచ్చేవి.
ఒకనాడు పాలిష్ కాడ ఓబులేసు
బొక్కెనెత్తి నీళ్ళు కొట్టినాడు.
రాయి లోపల దాచుకున్న నలుపు
గబుక్కున పైకొచ్చింది.
ఆరేలోపల పట్టుకున్నా.

పట్టుకుని ఏం లాభం?
తెల్లారి ఏడుకు నాగవేణి వస్తుంది,
తూకం సాఫ్ట్‌వేరు తెరుస్తుంది,
అది తెరంతా చాప పరుచుకుని సాయంత్రం దాకా లేవదు.
అన్నీ మూస్తే గానీ
నేను పరిచిన నేల కనపడదు,
సంత ఎత్తేసినాక కనపడే నేల మాదిరి.
ఓనరు ఒకసారి చూసి ఒకటే అడిగినాడు:
"దీనికేమన్నా కరెంటు ఎక్కువ కాలుతుందా?"
కాలదన్నా, అంటిని.

పాత మిషను.
బిల్లు వచ్చేలోపల కునుకు తీయొచ్చు.
అంతసేపూ తెర మీద ఇసుక గడియారం దొర్లేది.
పెన్నలో ఇసుకను ట్రాక్టరుతో కొలుస్తారు గానీ
ఇసుకతో కాలాన్ని కొలిచేవాడు ఈ పక్క ఎవడున్నాడు?
డ్రైవరు ఖాజాపీరు బీడీతో కొలుస్తాడు.
"ప్రొద్దుటూరు రెండు బీడీలు, మైదుకూరు అయిదు."
అందుకని బీడీ గీసినా.
పద్దెనిమిది బొమ్మలు.
మొదటిదాంట్లో నిప్పు, చివరిదాంట్లో దారం,
నడుమ కొంచెం కొంచెంగా కురచయ్యే ఆకు.

ఖాజాపీరు కనిపెట్టేసినాడు మొదటి రాత్రే.
"నాదే కదప్పా అది!"
అద్దానికి ముక్కు ఆనించి
రెండు బీడీలు కాలేదాకా చూసినాడు,
ఒకటి తెర మీద, ఒకటి చేతిలో.
ఏది ముందు ఆరుతుందో పందెం.

తర్వాత రెండు నెలలు ఆ లారీకి వేరే డ్రైవరు.

వచ్చినాడు మళ్ళీ, చొక్కా వదులై.
"కర్నూలు పెద్దాసుపత్రిలో మాన్పించినారు.
నీ దాంట్లో గూడా ఆర్పేయప్పా,
చూస్తే నోరు ఊరుతుంది."

ఆర్పేసినా. పద్దెనిమిదీ.
మరి ఎదురుచూపుకు ఏం బొమ్మ పెట్టాల?
టీ గ్లాసు పెట్టి చూసినా, పొగ కుదరలేదు.
లారీ చక్రం పెట్టినా, ఊరికే తిరుగుతుంది, ఎక్కడికీ పోదు.

బిల్లు కోసం బల్ల మీద కూర్చున్నాడు ఖాజాపీరు.
రెండు వేళ్ళు ఎడంగానే ఉన్నాయి,
నడుమ సరిగ్గా బీడీ మందం సందు.
చెయ్యి పెదాల దాకా లేస్తుంది,
గుర్తొచ్చి సగంలో ఆగి
మోకాలి మీదికి దిగుతుంది.

ఈసారి రెండే బొమ్మలు చాలినాయి.

మరుసటి లోడుకు వచ్చి చూసినాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
"చూపుడువేలి గోరు నల్లగ ఉండాల కదా,
జాకీ పడినప్పటి నుంచి."

ఒక్క చుక్క.
నీళ్ళు కొట్టిన పలకలోనించి
తీసి పెట్టినా.